గట్టు బాట

తెలుగువాడు తాను నడిచిన నేలను బట్టి దారికి పేరు పెట్టుకున్నాడు. ఎడ్లబండ్లు తిరిగి తిరిగి రెండు గాళ్లు పడిన దారి బండ్లబాట. అడుగులు తప్ప మరేమీ పడనిది కాలిబాట. ఇరువైపులా ముళ్లపొదలు పెరిగి పశువులు బారుగా పోయే ఇరుకుదారి కోస్తా సీమలో డొంక, గోదావరి జిల్లాలలో పుంత. తెలంగాణలో తొవ్వ అంటే ఏ దారి అయినా కావచ్చు. గ్రామ పటంలో గీత పడిన దారికి మాత్రం నక్షాబాట అనే గౌరవనామం దక్కింది. ఇన్ని పేర్ల నడుమ ఎవరూ పెద్దగా తలవని పేరు ఒకటి ఉంది. అది గట్టు బాట. కాలువ తవ్వినప్పుడు తీసిన మట్టిని పక్కన పోస్తే గట్టు అవుతుంది. ఆ గట్టు మీద కాలువను కాచే మనిషి నడిస్తే బాట అవుతుంది. ఎవరో ప్రయాణం చేయాలని వేసిన దారి కాదు అది. నీరు పోవడానికి చోటు చేస్తుండగా మనిషికి కూడా చోటు దొరికింది, అంతే.

ఇటువంటి బాట ఒకటి మహమ్మద్ నగర్ పరిసరాలలో ఉంది. ఒకప్పుడు నిజామాబాదు జిల్లాలో ఉండి, 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో చేరిన బాన్సువాడ ప్రాంతపు ఊరు అది. ఆ ప్రాంతానికి ప్రాణం మంజీర నది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశించి, మెదకు సీమలో ఉత్తరానికి వంపు తిరిగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుందీ నది. మంజీరమంటే కాలి అందె. ఆ వంపును చూచిన వారికి ఆ పేరు అతికినట్లే తోస్తుంది.

ఈ మంజీర మీద ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1923లో ఒక ఆనకట్ట నిర్మాణం మొదలై 1931లో పూర్తయింది. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజైన జూలై 11వ తేదీని తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటారు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరందించాలని తలపెట్టిన ఆ నిజాంసాగర్ కోసం నలభై ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఊళ్లు మునిగాయని చరిత్రలో రాస్తారు గాని, ఆ ఊళ్లను ఒకదానితో ఒకటి కలిపిన బండ్లబాటలు, అత్తవారింటి నుండి పుట్టింటికి పోయే కాలిబాటలు, సంతకు పోయే అడ్డదారులు కూడా మునిగాయని ఎవరూ రాయరు. జలాశయం ఒడ్డున అంతటి బాటల అల్లిక మాయమైంది. దిగువన కాలువ వెంట ఒక కొత్త బాట పుట్టింది.

ఈ కొత్త బాట స్వభావం తెలియాలంటే కాలువ ఎట్లా నడుస్తుందో తెలియాలి. ఏరు తనకు తోచిన పల్లానికి దూకుతుంది. కాలువకు ఆ స్వేచ్ఛ లేదు. అది ఎంత దూరం పోయినా తన ఎత్తును వీలైనంత వరకు నిలుపుకోవాలి. ఎత్తు పోగొట్టుకున్న కాలువ పక్కనున్న పొలాలకు నీరివ్వలేదు. అందువల్ల ఇంజనీర్లు సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద సమోన్నత రేఖలు గీస్తారు. కాలువను ఆ రేఖల వెంట, కొన్ని వేల అడుగులకు ఒక అడుగు మాత్రమే దిగేటట్లు నడిపిస్తారు. గుట్ట అడ్డం వస్తే దాన్ని చుట్టి పోతుంది. వాగు అడ్డం వస్తే దాని మీదుగానో కిందుగానో దాటుతుంది. సూటిగా పోయే తారురోడ్డు మీద నాలుగు ఎక్కుళ్లు, నాలుగు దిగుళ్లు తగిలే చోట, కాలువ గట్టు వంకర టింకరగా ఉన్నా ఒక్క ఎక్కుడూ తగలనివ్వదు. దూరం ఎక్కువే. శ్రమ మాత్రం తక్కువ. ఈ లెక్కను కాళ్లతో తెలుసుకున్నవాడు సైకిలు తొక్కేవాడు.

నిజాంసాగర్ కాలువ మీద మొదట సైకిలు తొక్కినవారు సరదాకు తొక్కలేదు. వారు లష్కర్లు. నీటిపారుదల శాఖలో అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉండి, కాలువకు అందరికన్నా దగ్గరగా బతికే ఉద్యోగి లష్కర్. సైన్యమని అర్థమున్న ఆ ఉర్దూ మాట, గొడుగూ చేతికర్రా తప్ప మరే ఆయుధమూ లేని ఒంటరి మనిషికి ఎట్లా అంటుకున్నదో గాని, గట్టి పేరే. తూము తలుపు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి చెప్పడం, గట్టులో ఎండ్రకాయలు, పందికొక్కులు చేసిన బొరియలను వెదకి పూడ్చడం, రాత్రిపూట ఎవరైనా దొంగతనంగా గట్టు కోశారేమో చూడడం అతని పని. వేలెడంత బొరియలోనుండి చెమ్మ దిగితే దానివెంట మట్టి కొట్టుకుపోతుంది. తెల్లవారేసరికి ఆ బొరియ బండి పట్టేంత గండి కావచ్చు. గండి పడితే దగ్గరివాడి పొలం మునుగుతుంది, ఆయకట్టు చివరివాడి పొలం ఎండుతుంది. ఈ రెండు నష్టాలనూ ఆపేది ఒక మనిషి చూపు. ఆ చూపు సకాలంలో అక్కడికి చేరడానికి ఒక సైకిలు.

మహమ్మద్ నగర్ ప్రాంతంలో అటువంటి లష్కర్ ఒకరు ఉద్యోగ విరమణ పొంది చాలా ఏండ్లయింది. ఆయన సైకిలు ఇంకా విరమించలేదు. నల్లరంగు, ఎత్తైన చట్రం, గేర్లు లేని ఒకే పళ్లచక్రం, వెనుక బరువులు మోసే క్యారియర్. ఇంతవరకు అది ఏ పల్లెలోనైనా కనబడే సైకిలే. తేడాలు తరువాత కనబడతాయి. ముందరి మడ్‌గార్డు ఉండదు. నల్లరేగడి మన్ను తడిసినప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ ముద్దగా పేరుకుని చక్రాన్ని బిగించివేస్తుంది. ఒక వానాకాలం ఆ బాధ పడి, మరునాడే ఆయన దాన్ని ఊడదీశాడు. హ్యాండిల్‌కు ఒక గుడ్డసంచి. అందులో గరుకు కాగితం, అంటించే జిగురు, కత్తిరించిన పాత ట్యూబు ముక్కలు. గట్టు మీద పల్లేరుకాయల కాలంలో రోజుకు రెండుసార్లు ఆ సంచి విప్పవలసి వస్తుంది. ఇసుక మేట వేసిన చోటు రాగానే దిగి, టైరులో కొంత గాలి తీసేవాడు. మెత్తబడిన టైరు వెడల్పుగా పరచుకుని ఇసుకలో దిగబడదు. గట్టినేల రాగానే మళ్లీ గాలి కొట్టుకునేవాడు. ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఇదే విద్య భూగోళానికి అవతలి వైపున మరికొందరికి పట్టుబడింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ అనే కొండసీమ ఉంది. అక్కడి యువకులు కొందరు 1970లలో, ముప్పై నలభై ఏండ్ల నాటి పాత సైకిళ్లను చెత్తకుప్పలనుండి, పాత సామాను దుకాణాలనుండి ఏరి తెచ్చుకున్నారు. వాటి టైర్లు లావు, చట్రాలు బరువు. మడ్‌గార్డుల వంటి అనవసర భాగాలన్నీ ఊడదీసి, మంటలు ఆర్పేవారి బండ్ల కోసం వేసిన మట్టిదారుల వెంట కొండ దిగేవారు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదలైన పందెం పేరు రీప్యాక్. సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో పదమూడు వందల అడుగులు దిగవలసిన బాట అది. వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగలై పోయేది కాబట్టి, ఒక్కసారి దిగితే చాలు, మళ్లీ గ్రీజు కూర్చక తప్పేది కాదు. ఆ కూర్పు పనే పందేనికి పేరయింది. వారిలో జో బ్రీజ్ అనే ఆయన 1977లో ఈ పనికోసమే కొత్త చట్రాన్ని తయారుచేశాడు. 1981లో కర్మాగారంలో పెద్ద ఎత్తున తయారైన కొండసైకిలు బజారుకు వచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండసైకిళ్ల పోటీ చేరింది. నేడు లక్షల రూపాయల ధర పలికే సైకిలుకు మూలపురుషుడు పాత ఇనుప సామాను!

ఆ యువకులకూ మన లష్కర్‌కూ పోలిక అంతవరకే. వారు కొండను వెతుక్కుంటూ పోయారు. ఈయన ఎక్కుడు లేని బాటను దొరికినదానిగా వాడుకున్నాడు. వారికి వేగం ఆనందం. ఈయనకు వేగం శత్రువు. వేగంగా పోయేవాడికి బొరియ కనబడదు.

గట్టు బాటకు మరీ దగ్గరి చుట్టం పోర్చుగల్ దేశంలో ఉంది. ఆ దేశపు దక్షిణ భాగంలో, అలెంటేజొ అనే విశాలమైన మైదాన సీమలో, ఎవొరా అనే పురాతన నగరం ఉంది. రోమనుల కాలపు దేవాలయ స్తంభాలు, ఊరిని చుట్టిన కోటగోడలు, తెల్లసున్నపు ఇండ్లు గల ఆ నగరాన్ని 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పదహారవ శతాబ్దంలో ఆ నగరానికి తాగునీరు చాలక, మూడవ జాన్ రాజు ఒక ఎత్తుకాలువ కట్టించాడు. 1537లో పూర్తయిన ఆ కట్టడం పేరు వెండినీటి కాలువ. సుమారు 18 కిలోమీటర్ల దూరంలోని ఊటల నీటిని అది నగరానికి మోసుకువచ్చింది. పల్లెపట్టున నేలను అంటిపెట్టుకుని సాగుతూ, నగరం సమీపించేకొద్దీ రాతి కమానుల మీదికి లేస్తుంది. ఊరిలోపల ఆ కమానుల సందులలో జనం ఇండ్లు, అంగళ్లు కట్టుకుని నేటికీ కాపురం ఉంటున్నారు. నీటికోసం కట్టినదాని నీడలో మనిషి తలదాచుకోవడం అన్ని దేశాలకూ సామాన్యమే.

ఆ వెండినీటి కాలువ వెంట ఉన్న దారి నేడు నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి తెరచిన బాట. ఎవొరా నుండి మోరా అనే ఊరి వైపు పోయే పాత రైలుమార్గం కూడా అట్లాగే మారింది. రైళ్లు ఆగిపోయిన తరువాత, పట్టాలు పరిచిన ఆ నేలను సైకిలు బాటగా మలచారు. రైలు కూడా కాలువ వంటిదే, నిటారు ఎక్కుడును భరించలేదు. కాబట్టి రైలు విడిచిన దారి, నీరు నడిచిన దారి రెండూ సైకిలుకు సుఖమైనవి. ఈ బాటలకు ఇరువైపులా బెండుచెట్ల తోపులు ఉంటాయి. ఆ చెట్టు బెరడును తొమ్మిదేండ్లకు ఒకసారి మాత్రమే ఒలుస్తారు. ఒలిచిన సంవత్సరపు చివరి అంకెను మానుపై తెల్లరంగుతో రాస్తారు. సైకిలు మీద పోయే బాటసారి ఏ చెట్టు ఎప్పుడు ఒలవబడిందో, మళ్లీ ఎప్పటికి బెరడు ఇస్తుందో చదువుకుంటూ పోవచ్చు. ఆ తోపుల నడుమ పడమటి దిక్కున వేల ఏండ్లనాటి నిలువురాళ్ల వలయం ఒకటి ఉంది. దానిని చేరే మట్టిదారిలో లావుటైర్ల సైకిళ్లు పోతాయి. దారిలో కంచె తలుపులు తగిలితే తీసి, దాటి, మళ్లీ వేయాలి. లేకుంటే లోపలి పశువులు బయట పడతాయి. బాటసారి ఈ చిన్న మర్యాదను పాటించినంత కాలమే రైతు తన పొలంలోనుండి దారి ఇస్తాడు.

మహమ్మద్ నగర్ చుట్టుపక్కల నేల కూడా అంతకు తీసిపోదు. నిజాంసాగర్ ఆనకట్ట మీద దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున బాట ఉంది. ఒకవైపు నీరు, ఒకవైపు పల్లం. మంజీర దాటి పడమరగా పిట్లం, జుక్కల్ వైపు పోతే నల్లరేగడి నేలలు. ఎండాకాలం ఆ నేల నెరియలు విచ్చి సైకిలు చక్రాన్ని పట్టుకుంటుంది. వానాకాలం ముద్దయి చక్రాన్ని పట్టుకుంటుంది. తొక్కడానికి అనువైన కాలం పంట కోతల తరువాతి నెలలే. ఆ దిక్కున కౌలాస్ కోట ఉంది. గుట్ట మీది ప్రాకారాలను చుట్టి రాళ్లదారి పైకి పోతుంది. 1857 తిరుగుబాటుతో ఆ సంస్థానాధిపతి రాజా దీప్‌సింగ్ పేరు ముడిపడి ఉంది. ఉత్తరానికి పోతే బోధన్. ప్రాచీనకాలపు అశ్మక జనపదానికి రాజధానియైన పోదనపురం అదేనని చరిత్రకారులు చెబుతారు. 1937లో అక్కడ స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. ఆ చెరకును పెంచింది నిజాంసాగర్ నీరే. ఇంతటి చరిత్ర, ఇంతటి నేల ఉండి కూడా గట్టు బాట ఒకటి ఉన్నదని చెప్పే ఫలకం లేదు. హైదరాబాదు నగరపు వెలుపలి వలయ రహదారి పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాటను సౌరఫలకాల కప్పుతో సహా నిర్మించారు. మంచిదే. పల్లెలో తొంబై ఏండ్లనుండి ఉన్న బాటకు కప్పు అక్కరలేదు. ముళ్లు కొట్టించే దిక్కు ఉంటే చాలు.

ముళ్ల సంగతి చిన్నది కాదు. సర్కారు తుమ్మ అనే విదేశీ చెట్టు ఒకటి వంటచెరకు కోసమని వచ్చి, తెలుగునేల అంతటా గట్లను, చెరువు శిఖాలను ఆక్రమించింది. రెండేండ్లు మనిషి తిరగని గట్టు మూడవ ఏట దాని సొత్తు. పూర్వం రోజూ ఒక లష్కర్ తిరిగిన చోట తరువాతి కాలంలో ఉద్యోగాలు ఖాళీ అయ్యి, ఒక్కరికే ఎంతో మేర అప్పగించే స్థితి వచ్చింది. మోటారు సైకిలు వచ్చిన తరువాత మంచి రోడ్డు ఉన్నంతవరకే చూసి వెనుదిరగడం అలవాటయింది. ఎవరో పైపు వేయడానికి గట్టును అడ్డంగా కోసి, మట్టి సరిగా పూడ్చకుండా వదిలివేస్తారు. అక్కడితో బాట తెగుతుంది. తెగిన బాట మీదికి మనిషి పోడు. మనిషి పోని చోట బొరియను చూచేవాడు లేడు. ఆయకట్టు చివరి రైతు తన మడిలోకి నీరెందుకు రాలేదో తెలియక ఆకాశం వైపు చూస్తాడు. నీటికి మనిషి, మనిషికి బాట, బాటకు మళ్లీ మనిషి కావాలి. ఈ ముడిలో ఏ పోగు తెగినా నష్టం చివరి మడికే.

ఆ ముడిని మళ్లీ వేయాలని ఆ విశ్రాంత లష్కర్ అనుకోలేదు. ఆయనను గట్టు మీదికి మళ్లీ రప్పించినది మనుమరాలు. ఇంటర్మీడియట్ చదివే ఆ అమ్మాయికి ఉదయపు బస్సు వచ్చిననాడు వస్తుంది, రాననాడు రాదు. తారురోడ్డు మీద సైకిలు తొక్కుదామంటే ఇసుక లారీల భయం. గట్టు మీద పోదామంటే ఒంటరితనపు భయం. తల్లి రెండవ భయాన్నే ఎక్కువ తలచింది. అది తేలికగా కొట్టిపారేయదగిన భయం కాదు. నిండుకాలువ పక్కన జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు. సిమెంటు పలకలు పరిచిన ఒడ్డు మట్టి ఒడ్డుకన్నా నునుపు. చివరికి తాత తన సైకిలు తీశాడు. కొద్దిరోజులు ఆయన ముందు, ఆమె వెనుక పోవాలని, తరువాత సంగతి తరువాత చూడాలని ఇంట్లో ఒప్పందం కుదిరింది.

ఆమె సైకిలు నేర్చుకున్నది చిన్ననాడే. సీటు అందని వయసులో చట్రం సందునుండి కాలు దూర్చి తొక్కే కైంచీ తొక్కుడు ఆమెకు వచ్చు. అయితే తారురోడ్డు మీద వచ్చిన తొక్కుడు గట్టు మీద పనికిరాలేదు. రాయి కనబడగానే రాయినే చూసేది. చక్రం సూటిగా దానిమీదికే పోయేది. "రాయిని సూడకు బిడ్డా, రాయి పక్కన ఉన్న తొవ్వను సూడు. కన్ను యాడుంటే చక్రం ఆడికే పోతది" అనేవాడు తాత. పల్లం రాగానే ఆమె ముందరి బ్రేకును గట్టిగా పట్టేది, వదులు మట్టిలో ముందరి చక్రం పక్కకు జారేది. వెనుక బ్రేకును మెల్లగా, ముందరిదాన్ని ఇంకా మెల్లగా పట్టమని, నడుమును సీటు వెనుకకు జరుపమని ఆయన చూపాడు. కొండసైకిళ్ల శిక్షణలో చెప్పే మొదటి పాఠాలు సరిగ్గా ఇవే. అక్కడ తలకు హెల్మెట్ పెట్టుకుని నేర్చుకుంటారు. అది తప్పక నేర్వదగిన జాగ్రత్త. తాత తలకు తువాలు తప్ప మరేమీ ఎరుగడు.

ఒకనాడు ఆమె ఒక తూము దగ్గర ఆగి, నీరు ఇంత నెమ్మదిగా ఎందుకు పోతుందని అడిగింది.

"నీళ్లు ఉరుకద్దు బిడ్డా, నడువాలె" అన్నాడు తాత. "ఉరికితే గట్టును కోస్తది. ఆగితే మట్టి కూసుంటది. నడిస్తెనే కాలువ బతుకుతది."

"ఎంత నడుస్తే సరిపోతది తాతా?"

"నేను మామూలుగ నడిచినంత."

ఆ పల్లెమాటను పోలిన సూత్రాన్ని పంజాబులోని కాలువల మీద పనిచేసిన కెన్నెడీ అనే ఇంజనీరు 1895లో లెక్కకట్టి చెప్పాడు. మేట వేయనీయక, ఒడ్డు కోయనీయక నీరు సాగవలసిన వేగమొకటి ఉన్నదని, కాలువను దానికి తగినట్లు మలచాలని ఆయన నిరూపించాడు. తాతకు కెన్నెడీ పేరు తెలియదు. ఆగిన నీరు ఏమి చేస్తుందో మాత్రం తెలుసు. నిజాంసాగర్ జలాశయమే అందుకు సాక్ష్యం. మొదట దాదాపు ముప్పై టీఎంసీల నీరు పట్టిన ఆ జలాశయం మంజీర తెచ్చిన మట్టితో పూడి, 1970ల నడుమకు పన్నెండు టీఎంసీల కన్నా తక్కువకు పడిపోయింది. ఆనకట్ట మట్టాన్ని నాలుగున్నర అడుగులు పెంచిన మీదట గాని అది పదిహేడు టీఎంసీలు దాటలేదు.

ఆ సంభాషణ తరువాత మనుమరాలు ఒక పని పెట్టుకుంది. లెక్కల నోటుపుస్తకపు వెనుక పుటలలో గట్టు బాట పటాన్ని గీయనారంభించింది. శాఖవారి పటంలో తూములకు అంకెలే ఉంటాయి. తాత నోట అంకెలు లేవు. ఒకటి చింతచెట్టు తూము, ఒకటి పాము తూము, ఒకటి పెండ్లి తూము. ఎప్పుడో ఒక పెండ్లిబండి అక్కడ దిగబడి, ముహూర్తం దాటిపోతుందేమోనని లష్కర్లు, పెండ్లివారు కలిసి బండిని ఎత్తి గట్టెక్కించారట. గట్టెక్కించడమన్న నుడికారానికి ఇంతకన్నా ముడి అర్థం దొరకదు. ఏ మలుపులో ఎండ్రకాయలు ఎక్కువ, ఏ చోట వాన వెలిసిన మూడవనాటికి గాని మన్ను ఆరదు, ఎక్కడ బోరింగు ఉంది, ఏ రైతు బావి దగ్గర కుక్క కరుస్తుంది, ఇవన్నీ ఆ పటంలోకి ఎక్కాయి. ముళ్లు మూసిన చోట్లకు ఎర్రగీత. గట్టు కోసిన చోటుకు రెండు ఎర్రగీతలు. తెలిసిన దారికి పటమెందుకని తాత మొదట నవ్వాడు. తరువాత రోజులలో ఆయనే, నిద్రపోయే ముందు, మరచిన తూము ఒకటి జ్ఞాపకానికి వచ్చిందని పిలిచి చెప్పసాగాడు.

ఆమె తోటి విద్యార్థినులు ఇద్దరు ఆ పటాన్ని చూచి సైకిళ్లు తెచ్చుకున్నారు. ముగ్గురైన తరువాత తల్లుల భయం మూడవ వంతుకు తగ్గింది. ఒక ఆదివారం వారూ, ఆయకట్టు చివరన పొలాలున్న నలుగురు రైతులూ కొడవళ్లు, గొడ్డళ్లు పట్టుకుని ఎర్రగీత ఉన్న మొదటి చోటికి పోయారు. రైతులకు సైకిళ్లతో పనిలేదు, నీటితో పని. అమ్మాయిలకు నీటితో పనిలేదు, బాటతో పని. ముళ్లు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. సర్కారు తుమ్మను మొదలంటా కొట్టినా వేరునుండి మళ్లీ చిగురిస్తుంది. వేరు పెకలిద్దామంటే గట్టు వదులవుతుంది. కాబట్టి మొదలు నరికి, పైని చిగుళ్లను నెలకొకసారి తుంచాలని తాత చెప్పాడు. ఆనాడు సగం చోటే శుభ్రమైంది. మిగిలిన సగం దగ్గర సైకిలు దిగి, చేతులతో పైకెత్తుకుని దాటుతున్నారు.

గట్టు కోసిన చోటు సంగతి తేలలేదు. పైపు వేసిన రైతు, తన పొలానికి కూడా నీరే కదా కావలసిందని అడిగాడు. అందుకు తాత వెంటనే బదులు చెప్పలేకపోయాడు. పైపును తీయమనడం ఒక పరిష్కారం, పైపు మీద మట్టిని పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టిచేయడం మరొక పరిష్కారం. రెండవదానికి కావలసిన మన్నును ఎవరి పొలంనుండి తీయాలన్న దగ్గర మాట ఆగింది. శాఖవారికి అర్జీ రాయడానికి మనుమరాలు కూర్చున్నది. అర్జీలో ఆ చోటును ఎట్లా గుర్తించాలని అడిగితే, తాత పెండ్లి తూముకు దిగువన నూటయాభై అడుగులని చెప్పాడు. ఆమె కాలువ దగ్గరికి పోయి, తూము తలుపు మీది అంకెను తుడిచి చూచి, రెండు పేర్లూ రాసింది.

పటంలో ఒక పుట ఇంకా ఖాళీగా ఉంది. కాలువ బాన్సువాడ దాటి ఉత్తరానికి సాగే మేర అది. ఆ మేర మరొక లష్కర్‌ది. ఆయన ఇప్పుడు లేడు. ఆయన కుమారుడు సైకిళ్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాడని, తండ్రి వెంట చిన్నప్పుడు గట్టు తిరిగినవాడేనని తెలిసింది. యాసంగి నీళ్లు విడిచి, మన్ను ఆరిన తరువాత అటు పోదామని తాత అన్నాడు. ఈలోగా వెనుక చక్రపు టైరు మార్చాలి. దాని అరుగుదల చూస్తే పల్లేరుకాయ కాదు, గింజ గుచ్చుకున్నా నిలిచేటట్లు లేదు.